'గర్ల్‌ఫ్రెండ్' మీద నేను పెట్టిన షార్ట్ తప్పు: కామారెడ్డిల చూసిన నాలుగు సినిమాల ముచ్చట

ఈ ఎపిసోడ్ రికార్డు చేసింది 2025 డిసెంబర్ 10, బుధవారం రాత్రి. అప్పుడు ఊర్లల్ల సర్పంచ్ ఎన్నికల మైకులు తిరుగుతుండె. మధ్యల ఏదన్న పాట వినబడితే జర ఏమనుకోకుండ్రి.

ఎప్పటిలెక్క "ఈ వారం ఏం చూడొచ్చు" అనే ఎపిసోడ్ కాదు ఇది. నవంబర్ 9న, ఆదివారం రాత్రి, నేను 'ది గర్ల్‌ఫ్రెండ్' సినిమా మీద ఒక షార్ట్ పెట్టిన. ముప్పై సెకన్లు. అందుల మూడు ముక్కలు చెప్పిన. సినిమా స్లో ఉంది, హీరోను కావాలని విలన్‌ను చేసిండ్రు, అబ్బాయిలకు టికెట్ పైసలు దండగ. మన ఛానల్‌ల ఇప్పటిదాకా ఎక్కువ మంది చూసింది ఆ షార్టే. కింద కామెంట్లల్ల సగం మంది "కరెక్ట్ చెప్పినవ్ అన్నా" అని రాసిండ్రు.

ఆ షార్ట్ తప్పు. సినిమా మీద నా అభిప్రాయం మారిందని మాత్రమే కాదు, నేను ఆ సినిమాను చూసిన తీరే తప్పు. అది అర్థం కావాలంటే సెప్టెంబర్ నుంచి కామారెడ్డిల నేను చూసిన నాలుగు సినిమాల ముచ్చట చెప్పాలె. స్పాయిలర్లు చెప్పను, భయపడకుండ్రి.

కొత్తగ వచ్చినోళ్ల కోసం ఒక మాట. మాది ఎల్లారెడ్డి దిక్కు. కొత్త సినిమా వచ్చిన వారంలనే చూడాలంటే నేను కామారెడ్డికి పోత. లింగంపేట మీదికెళ్లి పల్లెవెలుగు బస్సు. సెకండ్ షో మనకు కుదరదు, చూసినంక వాపస్ ఎట్ల రావాలె? అందుకే మాకు సినిమా అంటే మ్యాట్నీ. పొద్దుగాల తిని బయలుదేరితే దీపాలు పెట్టే యాళ్లకు ఇంట్ల పడతం. హైదరాబాద్‌ల రివ్యూ చెప్పేటాయన ప్రీమియర్ చూసి అర్ధరాత్రి పార్కింగ్‌ల నిలబడి "ఫస్టాఫ్ ఓకే, సెకండాఫ్ ల్యాగ్" అని చెప్పి బండెక్కుతడు. మనకు సినిమా అనేది ఒక పూట పని, ఒక రోజు కూలి, ఇంట్ల ఒక అబద్ధం. గందుకే "బాగుందా లేదా, ఒక్క ముక్కల చెప్పన్నా" అని అడిగితే నాకు జర చిరాకు లేస్తది. ఎంత పెట్టి చూసినవ్, ఏ హాల్ల చూసినవ్, పక్కన ఎవరు కూసున్నరు, ఇవి చెప్పకుండ సినిమా ఎట్లుందో చెప్పుడు సగమే చెప్పినట్టు.

లిటిల్ హార్ట్స్

సెప్టెంబర్ 5న వచ్చింది. దానికి వారం ముందే, ఆగస్టు 27, 28 తారీఖులల్ల, మన జిల్లాల పడ్డ వాన మీకు యాదికుంటది. కామారెడ్డిల కాలనీలకు కాలనీలు మునిగినయి, రైలు పట్టాల కింద మట్టి కొట్టుకపోయింది, హైవే తెగింది, మా దిక్కు రోడ్లు ఎక్కడికక్కడ కోసుకపోయినయి. అసొంటి టైంల సినిమాకు పోదామని ఎవరికన్న అనిపిస్తదా అంటే, నిజం చెప్తున్న, నాకు అనిపించింది. నాలుగు దినాలు కరెంటు లేక, ఇంట్ల బురద ఎత్తిపోసి, బియ్యం ఎండకు పోసి, మనిషికి ఒకటే కోరిక ఉంటది, ఎక్కడన్న కూసొని నవ్వాలె.

రోడ్డు సక్కగయినంక రెండో వారంల పోయి చూసిన. సాయి మార్తాండ్ డైరెక్టర్, మౌళి, శివానీ నాగారం జంట. ఎంసెట్ల ర్యాంకు రాని పోరడు లాంగ్‌టర్మ్ కోచింగ్‌ల చేరుతడు, అక్కడ అసొంటిదే ఒక పిల్ల. గంతే కథ. ఇప్పుడు దాన్ని ఈఏపీసెట్ అంటున్నరు గని మా ఇంట్ల ఇంకా ఎంసెటే. ఆ పరీక్ష పోయినోళ్లు హాల్ల ఎంతమంది ఉన్నరో నవ్వులను బట్టి లెక్క పెట్టొచ్చు. నాయిన ముంగట ర్యాంకు చెప్పే సీన్ల నా పక్కన కూసున్నాయన తొడ చరుసుకొని నవ్విండు. ఎవరో తెల్వదు, పరిచయం లేదు, ఇంటర్వెల్‌ల ఇద్దరం చాయ్ తాగినం. ఆయన ఇల్లు కూడ మునిగిందట.

ఆ సినిమా గొప్పదా? కాదు. కెమెరా పని మామూలుగుంది, సెకండాఫ్‌ల కొన్ని సీన్లు యూట్యూబ్ స్కిట్లలెక్క ఉన్నయి. కథల బాధ అనేదే లేదు, అన్నీ నవ్వుతోనే దాటేస్తరు. కని అక్టోబర్ 1న ఈటీవీ విన్‌ల వచ్చినంక ఇంట్ల ఫోన్‌ల మళ్ల పెట్టిన, ఇరవై నిమిషాలకు బంద్ చేసిన. నవ్వు రాలే. అప్పుడు సమజయింది, నేను నవ్వింది సినిమాకు సగం, హాలుకు సగం అని. ఈ మాట యాది పెట్టుకోండి, ఇదే తర్వాత నన్ను ముంచింది.

ఓజీ

సెప్టెంబర్ 25. దీని గురించి జాగ్రత్తగ మాట్లాడాలె, లేకుంటే కామెంట్లల్ల మా ఇంటి అడ్రస్ అడుగుతరు.

ముందు పైసల ముచ్చట, ఎందుకంటే దీని మీదనే ఎక్కువ మంది అడిగిండ్రు. మన రాష్ట్రంల టికెట్ రేట్లకు 2021 డిసెంబర్‌ల వచ్చిన ఒక జీవో ఉంది. ఏసీ ఉన్న మామూలు థియేటర్ల 50 నుంచి 150 దాకా, మల్టీప్లెక్స్‌ల 100 నుంచి 250 దాకా పెట్టుకోవచ్చు. దాని మీద జీఎస్టీ వేరే. 150 మీద 18 శాతం కలిపితే 177. మన టికెట్ మీద కనబడే వింత అంకె అక్కడి నుంచి వచ్చిందే. పెద్ద సినిమా వచ్చినప్పుడు నిర్మాత సర్కారును అడుగుతడు, సర్కారు కొన్ని దినాలకు రేటు పెంచుకోనిస్తది. ఓజీకి ముందు రోజు రాత్రి ప్రీమియర్‌కు 800 రూపాయల టికెట్, తర్వాత పది దినాలు మామూలు థియేటర్ల వంద, మల్టీప్లెక్స్‌ల నూటయాభై ఎక్కువ పెట్టుకోమని పర్మిషన్ ఇచ్చిండ్రు. దాని మీద హైకోర్టుకు కూడ పోయిండ్రు, గొడవ నడిచింది.

నేను 800 పెట్టలే. పెట్టినోళ్లను తప్పు పట్ట, అభిమానానికి రేటు ఉండదు. మా దోస్తు ఒకడు పెట్టిండు. అడిగితే "సినిమా చూసుడు కాదురా, ఆ రాత్రి అక్కడ ఉండుడు" అన్నడు. అది నిజమే. నేను వారం ఆగి, గోల తగ్గినంక పోయిన. తగ్గలే. తమన్ కొట్టిన బ్యాక్‌గ్రౌండ్, సుజీత్ పెట్టిన షాట్లు, పవన్ కళ్యాణ్ కత్తి పట్టుకొని నడిచే నడక, ఇవి పెద్ద తెర మీద చూడవలసినవే. కథ అడిగితే మాత్రం నేను చెప్పలేను. డైలాగులు వినబడలే మరి. సగం మన హాల్ల స్పీకర్ల పుణ్యం, సగం విజిల్స్. అక్టోబర్ 23న నెట్‌ఫ్లిక్స్‌ల వచ్చినంక పెట్టి చూస్తే, వినబడనంత మాత్రాన పెద్దగ పోయిందేమీ లేదని తెలిసింది. లిటిల్ హార్ట్స్‌కు ఉల్టా కాదు, అదే ముచ్చట. ఇది కూడ హాలుతోనే బతికే సినిమా. కాకపోతే దానికి ఖర్చు ఎక్కువ.

దీంతోనే ఇంకో మాట. నవంబర్ మధ్యల ఐబొమ్మ నడిపిన కేసుల ఒకాయనను హైదరాబాద్ పోలీసులు అరెస్ట్ చేసినప్పుడు మన కామెంట్లల్ల చానామంది ఆయన దిక్కే మాట్లాడిండ్రు. "800 టికెట్ పెట్టినప్పుడు పోలీసులు ఏడ ఉన్నరు" అని. కోపం నాకు అర్థమయితది. కని ఒక్కటి ఆలోచించండి. పైరసీల 800 సినిమాకు పడే దెబ్బ కంటే లిటిల్ హార్ట్స్ అసొంటి దానికి పడే దెబ్బ ఎక్కువ. పెద్ద సినిమా మొదటి మూడు దినాలల్లనే పైసలు గుంజుకుంటది. చిన్న సినిమా బతికేది "బాగుందట" అనే మాట ఊరు ఊరు తిరిగి మన దాక వచ్చే రెండో వారంల. ఆ లోపల ఫోన్‌ల దొరికితే ఆ మాట తిరిగి ఏం లాభం?

ది గర్ల్‌ఫ్రెండ్

ఇగ అసలు దానికి వస్తున్న.

నవంబర్ 7న వచ్చింది. రాహుల్ రవీంద్రన్ డైరెక్షన్, రష్మిక మందన్న, దీక్షిత్ శెట్టి. మా చెల్లె డిగ్రీ చదువుతది. సినిమాలకు నాతోని రాదు, "నీ హాల్ల విజిల్స్ నాకొద్దు" అంటది. ఈసారి తనే అడిగింది. ఆదివారం ఇద్దరం పోయినం. బస్సుల తనకు జీరో టికెట్, ఆధార్ చూపెట్టి కూసున్నది. నాకు పైసల టికెట్. "ఆడోళ్లకే మంచిగుంది" అని నేను అన్న. తను నవ్వింది. అప్పటిదాక నవ్వింది.

కథ ఇది. భూమ అని ఒక పిల్ల, ఎంఏ లిటరేచర్ చదవనీకి వస్తది. నాయిన చాటున పెరిగిన పిల్ల. విక్రమ్ అని కాలేజీల హీరో టైపు పోరడు ఆమెను ఇష్టపడతడు. ఆమెకు ఇష్టమో కాదో ఆమెకే తెలిసే లోపలనే అందరూ ఆమెను "విక్రమ్ గర్ల్‌ఫ్రెండ్" అంటరు. విక్రమ్ కొట్టేటోడు కాదు, తాగి గొడవ చేసేటోడు కాదు. ప్రేమ ఉంది. ఆ ప్రేమల ఆమె ఎటు పోవాలె, ఎవరితోని మాట్లాడాలె, ఎప్పుడు ఏం చెయ్యాలె అన్నీ ఆయనే చూసుకుంటడు. మెల్లమెల్లగ ఆ పిల్లకు ఊపిరి ఆడకుంట అయితది.

హాల్ల ఏమైందో చెప్త. విక్రమ్ కాలర్ ఎగరేసినప్పుడు విజిల్స్. ఆమె కోసం వేరేటోని మీదికి పోయినప్పుడు విజిల్స్. భూమ నసిగినప్పుడు, మాట తడబడినప్పుడు, వెనుక వరుసల పోరగాళ్లు నవ్వు. నేను కూడ నవ్విన. దాచుడెందుకు, నవ్విన. లిటిల్ హార్ట్స్‌కు హాలుతోని కలిసి నవ్వినట్టే ఇక్కడ కూడ హాలుతోని కలిసి నవ్విన. ఒక్క తేడా ఏందంటే, అక్కడ నా పక్కన ఇల్లు మునిగినాయన ఉండె, ఇక్కడ నా పక్కన మా చెల్లె ఉంది. ఆమె నవ్వలే. నేను ఆమె దిక్కు చూడనేలేదు.

వాపస్ బస్సుల కిటికీ దిక్కు కూసొని ఒక్క మాట మాట్లాడలే. నిద్ర వస్తుందేమో అనుకున్న. ఇంటికి వచ్చి తిని, రాత్రి పదింటికి ఆ షార్ట్ తీసి పెట్టిన.

తెల్లారి చాయ్ ఇచ్చుకుంట అన్నది. "అన్నా, నీ షార్ట్ చూసిన. నువ్వు సినిమా మొత్తం విక్రమ్ దిక్కు కూసొని చూసినవ్."

"అట్లేం లేదే, సినిమానే స్లో ఉంది" అన్న.

"స్లో ఉండదా మరి? ఆమెకు ఊపిరి ఆడుతలేదు, ఆమె ఉరుకుతదా?" అన్నది. తర్వాత కొద్దిసేపు ఆగి, "నా ఫోన్ లాక్ నంబర్ నీకెందుకు తెల్వాలె?" అన్నది.

నేను ఏం చెప్పలే. ఏం చెప్పాలె? ఆమె ఫోన్ నేను చూస్త, నిజమే. బస్సు దిగంగనే కాల్ చెయ్యమంట. చెయ్యకుంటే ఐదు నిమిషాలకు నేనే చేస్త. ఎవరితోని మాట్లాడుతున్నవ్ అని అడుగుత. కాలేజీ గ్రూపుల డీపీ పెడితే తీసెయ్యమన్న ఒకసారి. ఇవన్నీ నేను మంచిగ చూసుకునుడు అనుకున్న. మా అమ్మ కూడ "అన్న ఉన్నడు, నాకు రంది లేదు" అంటది.

డిసెంబర్ 5న నెట్‌ఫ్లిక్స్‌ల వచ్చింది గదా, ఆ రాత్రి ఇయర్‌ఫోన్స్ పెట్టుకొని, ఒక్కణ్నే, మళ్ల చూసిన. హాలు లేదు, విజిల్స్ లేవు. రెండోసారి వేరే సినిమా కనబడింది. అన్నిటికంటే రోహిణి గారు చేసిన విక్రమ్ తల్లి పాత్ర. కొద్దిసేపే ఉంటది. మాట దాదాపు లేదు. భూమ ఆమెను చూస్తది, మనం భూమను చూస్తం, ఇంకో ఇరవై ముప్పై ఏండ్లకు ఈ పిల్ల ఎట్లయితదో ఆ ఇంట్లనే కూసొని కనబడతది. హాల్ల ఆ సీన్ నడిచేటప్పుడు నేను ఫోన్‌ల బస్సు టైం చూసుకున్న, అది కూడ యాదికొచ్చింది. "హీరోను కావాలని విలన్‌ను చేసిండ్రు" అన్న గదా, అదీ తప్పే. ఆయనను విలన్‌లెక్క ఎక్కడా చూపెట్టలే, ఆయన చెడ్డోడని ఆయనకే తెల్వదు. అందుకే మనం ఆయనకు విజిల్ కొట్టినం.

సినిమాల తప్పులు లేవా అంటే ఉన్నయి. ఆఖర్ల భూమ మాట్లాడే తీరు కొంచెం స్పీచ్‌లెక్క అయింది, అంతసేపు మౌనంగ నడిపినోళ్లకు అక్కడ కూడ మన మీద నమ్మకం ఉంటే బాగుండు. దోస్తుల పాత్రలు పల్చగున్నయి. నాయిన పాత్ర రావు రమేష్ గారు చేసిండు కాబట్టి నిలబడింది. కని ఇవి ఆ షార్ట్‌ల చెప్పిన తప్పులు కావు.

ఇంకో ఆలోచన వచ్చింది నాకు. 2017ల 'ఫిదా' వచ్చినప్పుడు మన జిల్లా అంతా ఊగిపోయింది. బాన్సువాడ పిల్ల భానుమతి, మన యాస, సాయి పల్లవి తన గొంతుతోనే చెప్పుకున్న డైలాగులు. అప్పుడు నేను బడికి పోయేటోణ్ని. భానుమతి గట్టిగ మాట్లాడుతది, ఎదురు తిరుగుతది, మనకు మస్తు నచ్చింది. "ఆడపిల్ల అంటే గట్లుండాలె" అని అందరం అన్నం. నిజానికి కామారెడ్డి, ఎల్లారెడ్డి బస్సుల కిటికీ దిక్కు కూసొని పోయే పిల్లలల్ల భానుమతులు ఎంతమంది, భూమలు ఎంతమంది? భానుమతికి విజిల్ కొట్టుడు అల్కగ, ఆమె మనల్ని నవ్విస్తది. భూమను చూడాలంటే మనం ఊకోవాలె. హాల్ల మేం ఊకోలే.

రాజు వెడ్స్ రాంబాయి

రెండు వారాలకు, నవంబర్ 21న, ఇది వచ్చింది. సాయిలు కంపాటి డైరెక్టర్. నిర్మాతలల్ల ఒకరు 'విరాటపర్వం' తీసిన వేణు ఊడుగుల. అఖిల్ రాజ్, తేజస్విని కొత్తోళ్లు. ఖమ్మం, వరంగల్ సరిహద్దుల నిజంగ జరిగిన ముచ్చట ఆధారంగ తీసిండ్రు.

దీని టికెట్ రేటు విచిత్రం. మామూలు థియేటర్ల 99, మల్టీప్లెక్స్‌ల 105. ఎందుకు ఆ అంకెలు అని ఒక తమ్ముడు అడిగిండు. మంచి ప్రశ్న. 2025 సెప్టెంబర్ 22 నుంచి వంద రూపాయల లోపు టికెట్‌కు జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. వంద దాటితే ఎప్పటిలెక్క 18. వంద మీద 5 శాతం కలిపితే సరిగ్గ 105 అయితది, చూడండి. ఆ లెక్క వేసుకొనే పెట్టి ఉంటరని నా అనుమానం. కొత్త మొఖాల సినిమాకు 177 పెట్టి మనం పోం, వాళ్లకు తెలుసు. ఇంట్లోళ్లను తీసుకొని పోదాం అనిపించే రేటు అది. నేను అమ్మను, చెల్లెను ఇద్దరినీ తోలుకపోయిన. ముగ్గురికి 297. బస్సుల వాళ్లిద్దరికీ జీరో టికెట్. ఓజీ ప్రీమియర్ ఒక్క టికెట్ పైసలల్ల మేం ముగ్గురం రెండుసార్లు పోయి రావొచ్చు, మిర్చి బజ్జీలు కూడ తినొచ్చు.

రాజు బ్యాండ్ కొట్టే పోరడు. రాంబాయి నాయిన సర్కారు దవాఖానల పని చేస్తడు, బిడ్డను సర్కారు నౌకరి ఉన్నోనికే ఇయ్యాలె అని పట్టు. ఆ నాయిన పాత్ర చేసిన చైతు జొన్నలగడ్డ భయపెట్టిండు. సురేష్ బొబ్బిలి పాటలు సినిమా రాకముందే మా దిక్కు పెండ్లిళ్లల్ల మోగినయి. భాష మంచిగుంది. మన మాట కాదు అది, మన దిక్కు జుక్కల్, మద్నూర్ పోతే మరాఠీ, కన్నడ కలుస్తది, వాళ్లది వేరే సాగుడు. తెలంగాణ యాస అంటే ఒక్కటే అనుకునేటోళ్లు రెండు సినిమాలు పక్కపక్కన పెట్టి వినాలె.

ఆఖరి అరగంట నేను చెప్ప. మా అమ్మ కొంగు మొఖానికి పెట్టుకున్నది. హాలు హాలంతా నిశ్శబ్దం. మొన్న భూమను చూసి నవ్విన వెనుక వరుస కూడ. బయటికొచ్చినంక అమ్మ ఒక్కటే మాట అన్నది, "ఇసొంటియి జరుగుతయి బిడ్డా, పేర్లు బయటికి రావు గంతే." ఇంకేం అనలే. నేను ఇంకా అడగలే.

చెల్లెకు మాత్రం కోపం వచ్చింది. ఫస్టాఫ్ మొత్తం రాజు రాంబాయి ఎనుక తిరుగుడే, దాన్ని ప్రేమ అని చూపెట్టిండ్రు అన్నది. "నాయిన బిడ్డను సొంత ఆస్తి అనుకున్నడు, తప్పు. మరి ఈ పోరడు ఏమనుకున్నడు?" అని అడిగింది. నాకు ఇక్కడ ఆమెతోని పూర్తిగ కుదరదు. రాంబాయికి ఇష్టం ఉంది, సినిమా అది సక్కగనే చూపెట్టింది. కని ఫస్టాఫ్ సాగింది, ఆ తిరుగుడు సీన్లు సగం తీసేస్తే ఆఖరి దెబ్బ ఇంకా గట్టిగ తగులు. రెండు వారాల తేడాల ఒకే హాల్ల, ఒకే పోరగాళ్ల ముంగట, ఒక సినిమా "పిల్లను అడిగినవా" అన్నది, ఇంకో సినిమా ఆ ప్రశ్న నాయినను ఒక్కణ్నే అడిగింది.

ఇప్పుడు థియేటర్ల ముచ్చట ఒకటి చెప్పి ముగిస్త. "చిన్న సినిమా బాగుందని వింటం, పోయే సరికి తీసేస్తరు, ఎందుకన్నా?" అని అడుగుతుంటరు. థియేటర్ నడిపేటోళ్లకు రెండు పద్ధతులు. ఒకటి రెంట్, వారానికి ఇంత అని డిస్ట్రిబ్యూటర్ కడతడు. రెండోది పర్సెంటేజ్, వచ్చిన కలెక్షన్ల వాటా. పెద్ద సినిమాకు మొదటి వారం రెంట్ ఇచ్చి, జనం తగ్గినంక పర్సెంటేజ్ అంటరని థియేటరోళ్ల బాధ. 2025 మే నెలల దాని మీదనే జూన్ 1 నుంచి హాల్లు మూస్తం అనే దాక వచ్చిండ్రు. 2024 మే నెలల అయితే ఎలక్షన్లు, ఐపీఎల్, సినిమాలు లేక తెలంగాణల సింగిల్ స్క్రీన్లు పది దినాలు షోలు బంద్ పెట్టిండ్రు. జనం ఉన్నా లేకున్నా కరెంటు బిల్లు, జీతాలు, ప్రొజెక్టర్ కంపెనీకి కట్టేది ఆగదు. సోమవారం మ్యాట్నీకి ఇరవై మంది వస్తే ఆ షో నడిపితే నష్టం. అందుకే శుక్రవారం కొత్తది రాంగనే పాతదాన్ని తీస్తరు. మనం "ఎట్లయినా నాలుగు వారాలకు ఫోన్‌ల వస్తది" అనుకునుడు కూడ అందుల ఒక కారణమే.

'బలగం' యాదికుందా? 2023 మార్చి 3న హాల్లల్లకు వచ్చింది, మార్చి 24కే ప్రైమ్‌ల ఉంది. మన పక్కన సిరిసిల్లకెళ్లి వచ్చిన వేణు ఎల్దండి తీసిండు. అయినా ఊర్లల్ల జనం ఫోన్‌ల చూసి ఊకోలే, గ్రామ పంచాయతీల దగ్గర తెరలు కట్టి అందరూ కలిసి చూసిండ్రు. నిర్మాతలు పోలీసులకు ఫిర్యాదు చేసేదాక పోయింది. పైసలు కట్టకుండ వేసుడు తప్పే, అది వేరే ముచ్చట. ఫోన్‌ల ఉన్న సినిమాను నలుగురితోని కూసొని ఏడ్వనీకి జనం గుడ్డ తెర కట్టుకున్నరు. మా అమ్మ కూడ గట్లనే చూసింది, కింద సాప ఏసుకొని. ఆ రాత్రి మా పెద్దనాయిన మా నాయినతోని మాట్లాడిండు అని చెప్తే మీరు కథలు చెప్తున్నడు అనుకుంటరు. మాట్లాడలే. కాకపోతే పక్కపక్కన కూసున్నరు.

ఆ షార్ట్ తీసెయ్యమంటవా అని చెల్లెను అడిగిన. "తీసేస్తే నువ్వు అననట్టే అయితది గదా" అన్నది. అందుకే ఉంచిన. కింద మొదటి కామెంట్ల ఈ ఎపిసోడ్ లింక్ పిన్ చేస్తున్న. ఫోన్ లాక్ మార్చుకున్నది. నంబర్ నేను అడగలే. బస్సు దిగినంక కాల్ చేసే ముచ్చట మీద మాత్రం ఇంకా కొట్లాడుతున్నం, చీకటి పడితే నాకు రంది నిజంగనే ఉంటది, దానికి ఏం చెయ్యాలెనో నాకు తెల్వది. మీ ఇంట్ల ఎట్ల చేస్తరో చెల్లెండ్లు కామెంట్ల రాయుండ్రి. తమ్ముళ్లు ఈ ఒక్కసారికి చదువుండ్రి, జవాబు రాయకుండ్రి.

డిసెంబర్ 5న రావాల్సిన 'అఖండ 2' ఆగిపోయి, శుక్రవారం 12కు పడ్డది. ఆ సౌండ్‌కు మన హాల్ల స్పీకర్లు ఉంటయో ఊడతయో చూడాలె. వస్తవా అని చెల్లెను అడిగిన. "చెవుల దూది నువ్వే కొనాలె" అన్నది.